ఎర్గాష్ కొరికిన రొట్టె

మవ్లూదాకు విడాకులు సులువుగానే వచ్చాయి. జడ్జి అడిగినదానికల్లా ఎర్గాష్ తలూపాడు. ఆ పొద్దున ఏదో పెళ్లిలో బాకా ఊది ఊది వచ్చాడేమో, కోర్టులో సగం నిద్రలోనే ఉన్నాడు. చిక్కంతా తర్వాత మొదలైంది. మొగుణ్ణి వదిలించడం వరకూ జడ్జి చేతిలో పని. మొగుడితో కలిసి తీసుకున్న అద్దె ఇంటినీ, మొగుడితో కలిసి వాయిదాల మీద కొన్న ఫ్రిజ్‌నూ విడదీయడం ఎవరికి వాళ్లు చూసుకోవాల్సిందే.

ఫ్రిజ్ విషయంలో ఎర్గాష్ వాదం తేటగా ఉంది. సగం వాయిదాలు తన పేరున ఉన్నాయి కాబట్టి కింది సగం తనది. ఆ కింది సగంలో ఓ పెద్ద పుచ్చకాయ తెచ్చిపెట్టి వెళ్లాడు. తినడానికి కాదు, బస్సు సీట్లో రుమాలు వేసినట్టు వేశాడంతే. మవ్లూదా చలికాలమంతా పెళ్లిబట్టలు కుట్టి మిగిలిన వాయిదాలన్నీ తనే కట్టేసింది. ఫ్రిజ్ ఆమెదైపోయింది. పుచ్చకాయ మాత్రం కదల్లేదు.

"కాయ నాదే కదా, వీలు చూసుకుని తీసుకెళ్తాలే," అన్నాడు ఎర్గాష్ ఫోన్లో. అతనికి వీలు దొరకడమంటే తాష్కెంట్‌లో మంచు కురిసే వేసవి రావడమే.

ఇక ఇల్లు. ఇల్లు పోతే మవ్లూదాకు బతుకుతెరువే పోతుంది. మూడో అంతస్తులోని ఆ ఇంటి ముందు గదిలో ఆమె కుట్టుమిషన్లు రెండున్నాయి. పేటలో ఏ పిల్లకు పెళ్లి కుదిరినా, కొలతలకు ఆ మెట్లే ఎక్కి వస్తుంది. అద్దె కాగితంలో మాత్రం ఇద్దరి పేర్లూ ఉన్నాయి. దాని గడువు ఈ నెలాఖరుతో సరి. ఇంటావిడ సబొహత్ పెద్దమ్మ అద్దె కోసం వచ్చినప్పుడు మవ్లూదా ఆవిడకు టీ పోసి, బాదంపప్పు పెట్టి, మెల్లగా అడిగింది.

"పెద్దమ్మా, ఈసారి నా ఒక్కదాని పేరునే రాయండి. అద్దె ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యను."

పెద్దమ్మ బాదంపప్పు నములుతూ గుమ్మం పక్కన గోడకేసి చూపించింది. అక్కడ మేకుకు గుడ్డ సంచీ వేలాడుతోంది. సంచీలో ఓ గుండ్రటి తందూరు రొట్టె. దాని అంచున ఓ పంటిగాటు. ఆ గాటు మధ్యలో చిన్న గడ్డలాంటిది మిగిలిపోయింది. ఎందుకంటే ఎర్గాష్‌కు ముందు పన్ను ఒకటి లేదు.

"వాడి రొట్టె ఇంకా అక్కడే ఉందిగా తల్లీ. ఈ ఇంట్లో వాడికి నూకలు చెల్లలేదు. వాడి పేరెట్లా కొట్టేస్తాను?"

ఈ రొట్టె తప్పు మవ్లూదాదే. ఎర్గాష్ పెట్టె సర్దుకున్న రోజున, పని వెతుక్కుంటూ కజాన్ పోతున్నానన్నాడు. దూరదేశం పోయేవాడు గుమ్మంలో రొట్టె కొరికి వెళ్లాలి. మిగిలింది వాడు తిరిగొచ్చి తినేదాకా గోడకు వేలాడాలి. అది లేకుండా శత్రువునైనా ఎవరు పంపిస్తారు? అన్నేళ్లు కలిసి కాపురం చేసిన మనిషి కదా అని ఆమె మనసు కరిగింది. ఇస్తే ఏం పోతుందిలే అనుకుని పొయ్యిలోంచి అప్పుడే తీసిన వేడి రొట్టె చేతికిచ్చింది. ఎర్గాష్ కొరికాడు, కళ్లు తుడుచుకున్నాడు, వెళ్లాడు. కజాన్ కాదు, రైలు తప్పిపోయిందట. గంట దూరంలోని చిర్చిక్‌లో వాళ్లక్క ఇంటికి పోయి పడుకున్నాడు.

"వాడు ఎక్కడికీ పోలేదు పెద్దమ్మా. చిర్చిక్ కూడా ఓ దూరదేశమేనా?"

"ఎక్కడికి పోతే ఏంటే, తిరిగొచ్చి తిన్నాడా లేదా? మా పెద్దాడు మిలిటరీకి పోయినప్పుడు రెండేళ్లు వేలాడింది వాడి రొట్టె. ఎలకలు కూడా దాని జోలికి పోలేదు. రేపు వీడి పేరు కొట్టేసి, వీడికేదన్నా అయితే ఆ పాపం నా మెడకి చుట్టుకోదూ? నువ్వూ వాడూ తేల్చుకోండి. నెలాఖరుకి తేలకపోతే చెప్పు, మా మేనల్లుడు ఇల్లు కావాలని చంపుతున్నాడు."

మంచిమాటతో తేల్చుకుందామని మవ్లూదా చూసింది. ఎర్గాష్ ప్రతి శుక్రవారం వస్తూనే ఉన్నాడు. పుచ్చకాయను తట్టి చూసుకుంటాడు. మిషన్ల పక్కన మూల నిలబెట్టిన తన ఇత్తడి బాకాను తుడుచుకుంటాడు. మనిషికన్నా పొడుగున్న ఆ బాకాను వాళ్లక్క గడప తొక్కనివ్వలేదు. కొలతలకు వచ్చిన ఆడవాళ్లు ఓణీలు తగిలించుకోవడానికి అది బాగానే పనికొస్తోంది. తర్వాత భోజనం చేసి, పరుపు వాల్చుకుని నిద్రపోతాడు. పెళ్లయిన నాటి నుంచీ అతన్ని "మీరు" అన్న మవ్లూదా, కోర్టు మెట్లు దిగినప్పటి నుంచి "నువ్వు" అంటోంది. అదీ అతని నిద్ర చెడగొట్టలేదు.

"ఆ రొట్టె తినేసి నీ దారిన నువ్వు పో ఎర్గాష్."

అతను చెంప మీద చెయ్యి పెట్టుకున్నాడు. "పన్ను లేనోణ్ణి. ఆ రాయిని ఎట్లా నమలమంటావు? అయినా అది రొట్టె కాదే మవ్లూదా. నా తాళంచెవి."

ఆ రాత్రి మవ్లూదాకు ఒళ్లు మండిపోయింది. రొట్టెను కిటికీలోంచి విసిరేద్దామా అనిపించింది. కానీ నేల మీద రొట్టెముక్క కనపడితే కళ్లకద్దుకుని ఎత్తున పెట్టే చేతులవి, విసరడానికి లేవలేదు. పిచ్చుకలకు వేస్తే పెద్దమ్మ ఒప్పుకోదు. కొరికినవాడే తినాలి. మర్నాడు పొద్దున మిగిలి గట్టిపడ్డ తన రొట్టెను తుంచి వేడి మాంసం రసంలో, షేర్వాలో, వేసుకుంటూ ఉండగా ఆమె చెయ్యి ఆగిపోయింది. గిన్నెలోకి చూసి ఒక్కతే నవ్వుకుంది.

నెలాఖరు శుక్రవారం. పెద్దమ్మను భోజనానికి పిలిచింది. గుమ్మం పక్క మేకు కనపడకుండా ఓ పెళ్లికూతురి గౌను తగిలించింది. ఇంట్లో మిగిలిన రొట్టెలన్నీ పక్కింటికిచ్చేసింది. రొట్టె లేని ఇల్లంటే పేటలో తల ఎత్తుకోలేనంత పరువు తక్కువ. ఆ ఒక్క పూట పరువు పోయినా ఫరవాలేదనుకుంది. పొట్టేలు మాంసంతో చిక్కగా షేర్వా కాచి, ఆ పాత రొట్టెను సుత్తితో పగలగొట్టి, ముక్కలన్నీ ఎర్గాష్ గిన్నెలో వేసింది. పంటిగాటున్న ముక్క మాత్రం పక్కన దాచింది. సాక్షిగా పిలిచిన పెద్దమ్మకు సాక్ష్యం చూపించాలి కదా.

ఎర్గాష్ మొదటి చెంచాకే కళ్లు మూసుకున్నాడు.

"విడాకులిచ్చాక గానీ నీకు వంట రాలేదే."

"తిను, తిను. చల్లారిపోతుంది."

"ఈ రొట్టె చూశారా పెద్దమ్మా, రసం ఎట్లా పీల్చుకుందో. ఏ బజారుదే ఇది?"

"ఇంటిదే," అంది మవ్లూదా.

పెద్దమ్మ దగ్గింది. మవ్లూదా రెండో గిన్నె పోసింది. అతను అదీ తిన్నాడు. మూడోసారి గరిటెతో పాటు ఆ చివరి ముక్కను కూడా అతని గిన్నెలోకి జార్చింది. చెంచా పైకి లేచి మూతి దాకా వచ్చి ఆగింది. ముక్క అంచున పంటిగాటు, గాటు మధ్యలో గడ్డ. ఎర్గాష్ నాలుక తెలియకుండానే తన పంటిసందులోకి పోయింది.

"ఇది నాది," అన్నాడు నెమ్మదిగా.

"నీదే నాయనా," అంది పెద్దమ్మ. "నీ రొట్టె ఇంకెవరు తింటారు?"

అతను చెంచా దించాడు. "కడుపు నిండిపోయింది పెద్దమ్మా."

"కూర్చో మరి, అరుగుతుంది. నాకేం తొందర్లేదు."

ముగ్గురూ కూర్చున్నారు. కొరికిన రొట్టెను వదిలేసి లేవడం ఎర్గాష్ లాంటివాడికి కూడా చేతకాదు. జేబులో వేసుకుందామంటే తడిసి ముద్దయింది. అతను టీ తాగాడు, వాతావరణం గురించి మాట్లాడాడు, చిర్చిక్‌లో అక్క పిల్లలు తన చెప్పులు దాచేస్తున్నారని చెప్పుకున్నాడు. అది చెప్పేటప్పుడు అతని మొహం చూసి మవ్లూదాకు నిజంగానే జాలేసింది. ఇంకో ఏడాది పాటు ఈ శుక్రవారాలు భరించగలనా అని తనను తానే అడిగి చూసుకుంది. భరించలేనని తెలిసిపోయింది. అందుకే కదలకుండా కూర్చుంది.

చివరికి అతను చెంచా ఎత్తి మింగాడు. పెద్దమ్మ దువా చేసి చేతులతో మొహం తుడుచుకుంది. గౌను పక్కకు తొలగించి ఖాళీ మేకు చూసింది. తర్వాత తన సంచీలోంచి అద్దె కాగితం తీసి, ఎర్గాష్ పేరు కొట్టేసి పరుపు మీద పెట్టింది.

ఎర్గాష్ ఆ ఖాళీ మేకుకేసి చూశాడు. తర్వాత అతని మొహంలోకి పాత తెలివి తిరిగొచ్చింది. బాకాను భుజాన వేసుకుని, పుచ్చకాయను చంకన పెట్టుకుని, గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈసారి నిజంగా కజాన్ పోతున్నాను. ఓ రొట్టె ఇవ్వు, కొరికి పోతాను."

"ఇంట్లో రొట్టె లేదు," అంది మవ్లూదా. ఆ మాట నోట వచ్చేసరికి సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

"రొట్టె లేదా?" పెద్దమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో నాయనా, దూరం పోయేవాణ్ణి ఒట్టి చేతులతో పంపుతామా." ఆవిడ సంచీలో చెయ్యి పెట్టి, బజారు నుంచి తెచ్చుకున్న తాజా రొట్టె ఒకటి తీసి అతని ముందుకు చాపింది.

ఎర్గాష్ రెండు చేతులూ బాకాకూ పుచ్చకాయకూ సరిపోయాయి. అతను కాయను ఎక్కడ దించాలా అని చూసే లోపల మవ్లూదా ఆ రొట్టెను అందుకుంది. కళ్లకద్దుకుంది. నోరు నిండా కొరికింది.

"నువ్వెక్కడికే?" అన్నాడు ఎర్గాష్.

ఆమె నెమ్మదిగా నమిలి మింగింది. మిగిలిన రొట్టెను గుడ్డ సంచీలో వేసి, ఖాళీగా ఉన్న మేకుకు తగిలించింది.

"బజారుకి," అంది. "దారం అయిపోయింది. మీరు ముందు దిగండి, ఆ బాకా మెట్ల మలుపులో ఇరుక్కుంటుంది."