గ్లెన్ వెతికిన కుక్క

“గట్టిగా పిలు, నెరీ. నీ గొంతు వింటేనే వస్తుంది” అన్నాడు గ్లెన్.

పిలిచాను. “పికిల్! పికీ!” అని వీధంతా వినపడేలా. తొమ్మిది వారాల సైనిక విన్యాసాల్లో దుమ్ము మింగీ మింగీ నా గొంతు అప్పటికే బొంగురుపోయింది. ఇంటికొచ్చి నాలుగు రోజులైనా నా బట్టల మూట ఇంకా విప్పనే లేదు. యూనిఫారాలు నానబెట్టడానికి కూడా చేతులు రాలేదు. రోజూ బారక్స్ నుంచి రావడం, బూట్లయినా విప్పకుండా మళ్ళీ రోడ్డెక్కడం. గ్లెన్ నా పక్కనే నడిచేవాడు. వంగి కార్ల కింద చూసేవాడు, వంతెన కింద తూముల్లోకి టార్చి వేసేవాడు. నాకంటే ముద్దుగా పిలిచేవాడు, “పికీ, రా తల్లీ, అమ్మ వచ్చింది చూడు” అని. వీధి చివరింటి ఆయన కంచె మీద చేతులు ఆనించి, “మంచి మొగుడు దొరికాడమ్మా నీకు” అన్నాడు. నిజమే అనుకున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనంత ప్రేమగా ఆ నాలుగు సాయంత్రాలూ అతని చెయ్యి పట్టుకుని నడిచాను. ఇప్పుడది తలుచుకుంటే చెయ్యి కడుక్కోవాలనిపిస్తుంది.

టౌన్స్‌విల్‌లో సైన్యంలో ఉన్నవాళ్ళు కుక్కల్ని పెంచడం వింతేమీ కాదు. విన్యాసాలకి పిలుపు వచ్చినప్పుడు వాటిని ఎవరు చూస్తారన్నదే గొడవ. మగవాళ్ళకి ఆ గొడవా లేదు, వాళ్ళకి భార్యలుంటారు. ఈసారి బయల్దేరే ముందు మా మేజర్ గదినిండా ఉన్న మగవాళ్ళలో ఒక్కణ్ణీ అడగలేదు, నన్ను మాత్రం, “సార్జెంట్, ఇంట్లో కుక్కకి ఏర్పాటు చూసుకున్నావా? మధ్యలో సెలవు కావాలని రావుగా?” అని అడిగాడు. “మా ఆయన ఉన్నాడు సర్” అన్నాను. అందరూ నవ్వారు. అందులో నవ్వేంత ఏముందో నాకిప్పటికీ తెలియదు. నేనూ వాళ్ళతో కలిసి కాస్త నవ్వాను. పదహారేళ్ళ సర్వీసులో నేర్చుకున్న విద్యల్లో అదొకటి.

గ్లెన్ కూడా సైన్యంలోనే ఉండేవాడు, లారీలు నడిపేవాడు. అతను విదేశాలకి వెళ్ళినప్పుడల్లా అతని ముసలి కుక్క డీజిల్‌ని చూసింది నేనే. దానికి చక్కెర జబ్బు. పొద్దున్న డ్యూటీకి పోయేముందొక సూది, రాత్రికొక సూది. చివర్లో లేవలేకపోతే కింద గుడ్డలు మార్చాను, ఒంటి మీది పుళ్ళు కడిగాను. అది పోయినప్పుడు గొయ్యి తవ్విందీ నేనే. మధ్యలో వాళ్ళమ్మ బెరిల్‌ని ఆదివారాలు క్లబ్బుకి తీసుకెళ్ళి తీసుకురావడం ఒకటి. గ్లెన్ ఏనాడూ ఇవి చెయ్యమని అడగలేదు. అడగవలసిన పనులని అతనికి తెలియదు. “నువ్వున్నావుగా” అనేవాడు, అంతే. అప్పుడు కంచె మీద చేతులు ఆనించి మంచి పెళ్ళానివమ్మా అన్నవాళ్ళు ఎవరూ లేరు.

తర్వాత అతని మోకాలు చెడి, సైన్యం వదిలేసి, సామాన్ల కొట్టులో చేరాడు. ఆ యేడే నేను పికిల్‌ని తెచ్చుకున్నాను. పికిల్ అంటే ఊరగాయ. దాని మొహం చూస్తే ఎవరికైనా నోరూరుతుందని పెట్టానా పేరు. చెవి చివర చిన్న చీలిక, గోధుమరంగు కనుబొమలు. రోజంతా కుర్రాళ్ళ మీద అరిచి ఇంటికొస్తే, అది వచ్చి నా బూటు మీద గడ్డం ఆనించేది. ఇవాళ తినడానికేముంది అని నన్ను అడగని ప్రాణి ఆ ఇంట్లో అదొక్కటే. దాని పక్కన నేల మీద కూర్చున్నంత సేపూ నేను సార్జెంటునీ కాదు, ఎవరి పెళ్ళాన్నీ కాదు, కోడల్నీ కాదు. ఆ పావుగంట కోసం రోజంతా గడిపేదాన్నని ఎవరికైనా చెప్తే పిచ్చిదంటారు.

ఈసారి వెళ్ళేటప్పుడు బెరిల్ నా ఎదురుగానే అంది. “మొగుడు ఇంట్లో గిన్నెలు కడుక్కుంటుంటే పెళ్ళాం బురదలో సిపాయాట ఆడుతుంది. పైగా ఆ కుక్క చాకిరీ కూడా నా కొడుకు నెత్తినే.”

“డీజిల్‌కి రెండేళ్ళు నేను సూదులు వెయ్యలేదా?” అన్నాను.

“అది వేరు. నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా” అంది. తెల్లారకముందే బారక్స్‌కి పోయి చీకటి పడ్డాక వచ్చేదాన్ని. ఆవిడ లెక్కలో అది కూడా ఇంట్లో ఉండటమే.

విన్యాసాల్లో ఆదివారం ఒక్కరోజే ఫోన్లు చేతికిచ్చేవాళ్ళు. సిగ్నల్ అందే గుట్ట ఒకటుండేది, దాన్నెక్కి కూర్చునేదాన్ని. గ్లెన్ నుంచి పికిల్ ఫోటో వచ్చి ఉండేది, కింద ఓ ముక్క రాసి. “ఇవాళ నీ చెప్పు కొరికింది.” “నీ దిండు మీదే పడుకుంటోంది.” నేను కిందికి దిగొచ్చి ఆ ఫోటో అందరికీ చూపించేదాన్ని. మా ఆయన ఎంత బాగా చూసుకుంటున్నాడో చూడండి అని చెప్పుకుని తిరిగాను కూడా. తీరా ఇంటికొస్తే గేటు దగ్గర అరుపు లేదు. గ్లెన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “నిన్ననే, నెరీ. గేటు గడియ సరిగ్గా పడలేదు. అంతా నా తప్పే” అన్నాడు. నేనే అతన్ని దగ్గరికి తీసుకుని ఓదార్చాను.

అయిదో రోజు మధ్యాహ్నం అనుమతి తీసుకుని, పికిల్ బొమ్మ వేసిన కాగితాలు పట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి నర్సు మర్లీన్ కాగితం చూసి కళ్ళజోడు పైకి తోసుకుంది.

“ఇదేంటి సార్జెంట్, ఇది మన ఐవీ గారి పికిల్ కదా? ఎప్పుడు తప్పిపోయింది? మొన్న సోమవారమే గోళ్ళు కత్తిరించుకుని వెళ్ళిందే!”

“ఏ ఐవీ? అలాంటి కుక్క ఇంకోటి అయ్యుంటుంది” అన్నాను.

“ఇంకోటేంటండీ, చెవి చీలిక కనపడట్లా? మీకు బదిలీ అయిందని, కుక్కని ఐవీ గారికి ఇచ్చేశారని మే నెలలో మీవారే ఫోన్ చేసి చెప్పారుగా. ఊరి బయట బ్లూవాటర్‌లో రోడ్డు పక్క పెట్టెలో కోడిగుడ్లు పెట్టి అమ్ముతుందే, ఆవిడ…” అంటూ నా మొహం చూసి మధ్యలో ఆగిపోయింది.

థాంక్స్ చెప్పానో లేదో కూడా గుర్తులేదు. వచ్చి కారులో కూర్చున్నాను. మే నెల అంటే నేను గేటు దాటిన వారానికే. మరి ఆ ఫోటోలు? ఫోను తీసి చూశాను. చివరి ఆదివారం పంపిన ఫోటోలో పికిల్ మా పెరటి మామిడిచెట్టు కింద వెల్లకిలా పడుకుని ఉంది. దాని పైన, కొమ్మ నిండా, ఎర్రబారిన కాయలు. మా వైపు ఎండాకాలం డిసెంబర్లో, మామిడి పండేది క్రిస్మస్‌కి. జులైలో ఆ చెట్టుకి ఆకులు తప్ప ఏమీ ఉండవు, అది చంటిపిల్లలకి కూడా తెలుసు. ఆ ఫోటోని నేను ఎంతమందికి చూపించానో! ఒక్కళ్ళం కూడా కాయల వంక చూడలేదు, నేను అసలే చూడలేదు. నాకు కుక్క తప్ప ఇంకేమీ కనపడలేదు. అంటే ప్రతి ఆదివారం కూర్చుని పాత ఫోటోల్లోంచి ఒకటి ఏరి, కొరకని చెప్పుని కొరికిందని రాసి, నాకు పంపాడన్నమాట. అంతవరకూ ఎలాగో మింగుదామనుకున్నాను. కానీ ఈ నాలుగు సాయంత్రాలు? తూముల్లోకి వంగి వేసిన టార్చి? “రా తల్లీ” అన్న ఆ గొంతు? తను ఇచ్చేసిన కుక్కని తనే వీధి వీధీ తిరిగి పిలిచే మనిషి పక్కన నేను నాలుగు రాత్రులు నిద్రపోయాను.

బ్లూవాటర్‌లో కోడిగుడ్ల పెట్టె కనపడ్డ ఇంటి ముందు కారు ఆపాను. తలుపు తీసేలోపే పికిల్ మెట్ల మీంచి దూకింది. నా మీదికెక్కి, కిందపడి, మళ్ళీ ఎక్కి, అదేం గోలో అది, కుక్క అరుపులా లేదు, ఏడుపులా ఉంది. నేనూ యూనిఫారంతోనే మట్టిలో కూలబడి ఏడ్చాను. ఎప్పుడొచ్చిందో ఓ సన్నటి ముసలావిడ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

“ఎవరమ్మా నువ్వు? నిన్ను చూసి అలా అయిపోతోందేంటి ఇది?”

“నెరిడాని. ఇది నా కుక్కే.”

ఆవిడ చేతిలోంచి తువ్వాలు జారింది. మెట్ల కమ్మీ పట్టుకుంది.

“నెరిడావా? గ్లెన్ భార్యవా?” అంది. “నువ్వు పోయావు కదమ్మా!”

ఆవిడే చెప్పింది, నన్ను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మధ్య మధ్య నా భుజం తాకి చూసుకుంటూ. “విన్యాసాల్లో లారీ బోల్తాపడిందన్నాడు. కుక్క రోజంతా నీ కోసం గుమ్మం వంకే చూస్తోందనీ, తను చూడలేకపోతున్నాననీ ఈ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాడమ్మా. నాకు కడుపు తరుక్కుపోయింది. రెండు వారాలు ఇంత వండి పంపాను. చర్చిలో నీ పేరు మీద కొవ్వొత్తి కూడా వెలిగించాం.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గుట్ట మీంచి ఫోన్ చేసి, “సరిగ్గా తింటున్నావా?” అని నేనడిగితే, “ఎవరో ఒకరు పెడుతున్నారులే” అన్నాడు. నా చావు భోజనాలు తింటూ నాతో మాట్లాడాడు! కోపం కూడా రాలేదు నాకు, అంత నివ్వెరపోయాను. పికిల్‌కి కావాల్సిందేంటి? రెండు పూటలా గిన్నెడు మేత, సాయంత్రం ఊరవతల దాకా నడక. ఆ కాస్త పని తప్పించుకోడానికి అతను నన్ను చంపేశాడు. అదీ ఎంత తేలిగ్గానో! చాకిరీ చెయ్యలేనని చెప్పడానికి నామోషీ అయింది, పెళ్ళాం చచ్చిపోయిందని చెప్పడానికి కాలేదు. చాకిరీ చెయ్యనివాడంటే జనం ఓ మాట అంటారు. పెళ్ళాం పోయినవాడికి కూర వండి పంపుతారు. నేను డీజిల్‌కి సూది వేసిన రెండేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు ఓ బ్రెడ్డు ముక్క తెచ్చి పెట్టలేదు. ఎందుకు పెడతారు, నేను బతికే ఉన్నాను కదా.

“నీ కుక్కని నువ్వు తీసుకుపో తల్లీ” అంది ఐవీ, దాని వంక చూడకుండా. తనకీ అలవాటైందని తెలుస్తోంది.

“ఇవాళ కాదు. మా బారక్స్ గదుల్లోకి కుక్కల్ని రానివ్వరు. కుక్కని ఒప్పుకునే అద్దె ఇల్లు చూసుకునేదాకా ఉంచుకుంటారా?” అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే తెలిసింది నాకు, నేనేం నిర్ణయించుకున్నానో. ఐవీ తలూపింది.

అప్పుడే ఫోన్ మోగింది.

“ఎక్కడున్నావ్ నెరీ? ఇవాళ నది వైపు చూద్దామా? టార్చిలో కొత్త బ్యాటరీలు వేశాను” అన్నాడు గ్లెన్. ఆ గొంతులో అదే దిగులు, అదే ప్రేమ. పికిల్ చెవులు రిక్కించింది.

“ఐవీ గారింట్లో ఉన్నాను.”

“చూడు, నీ మంచికే చేశాను. ఇచ్చేశానంటే గొడవ చేస్తావు. పారిపోయిందంటే కొన్నాళ్ళు వెతికి నువ్వే ఊరుకుంటావు” అన్నాడు.

“మరి నువ్వెందుకు వెతికావు?”

“ఒక్కదానివే తిరుగుతావని తోడొచ్చాను. అదీ తప్పేనా?”

“నేను చచ్చిపోయానని చెప్పావట.”

“అబ్బా, ఆవిడ తీసుకోదేమోనని ఏదో మాటవరసకి అన్నాను. దానికింత రాద్ధాంతం ఎందుకు? ముందు ఇంటికి రా. అమ్మ భోజనానికి వస్తోంది, ఇక్కడ చూస్తే వంటింట్లో ఏమీ లేదు.”

“నేను చచ్చిపోయానన్న ఆ మాట మార్చకు గ్లెన్” అన్నాను. “మీ అమ్మకి కూడా అదే చెప్పు.”