డబ్బా నిండాక

ఉల్లిపాయలు మాడీ మాడకుండా ఉన్నప్పుడే నీళ్లు పోయాలి. ముందు పోస్తే అన్నానికి రంగు రాదు, ఆలస్యమైతే చేదెక్కుతుంది. ఆ అదను కోసం తహానీ పొయ్యి ముందు నిలబడి ఉండగా వెనక నుంచి అత్త నఈమా గొంతు వినబడింది.

"పడవెక్కుతున్నావటగా. వంటింటి నీళ్లు చాలక సముద్రం కావాల్సొచ్చిందా?"

"నేనడగలేదు అత్తమ్మా. ఆయనే రమ్మన్నాడు. పడవలో అన్నం వేడిచేసి వడ్డించేవాడు తమ్ముడి పెళ్లికి కెనా ఊరు వెళ్లాడు."

"రమ్మంటే మాత్రం? పడవలో ఆడవాళ్లంటే డబ్బిచ్చి ఎక్కేవాళ్లు. మనింటి వాళ్లు ఎక్కరు."

తహానీ నీళ్లు పోసింది. గిన్నెలోంచి లేచిన ఆవిరి ముఖాన కొట్టింది.

కుసైర్ రేవులో తహానీ భర్త బరకాత్ పడవ భోజనానికి పేరుంది. పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చే పడవలు చాలా ఉన్నాయి. అన్నీ అదే పగడాల దిబ్బకు పోతాయి, అవే డాల్ఫిన్లను చూపిస్తాయి. కానీ చేప ముక్కలు, గోధుమరంగు అన్నం, నువ్వుల పచ్చడి తినడానికి బరకాత్ పడవే వెతుక్కుని వచ్చేవాళ్లున్నారు. "మా పడవ భోజనం అలాంటిది మరి" అని బరకాత్ అంటాడని తహానీ చాలాసార్లు విన్నది. పెళ్లయిన ఏడాది నుంచీ ఆ భోజనం ఆమె చేతుల్లోంచే వెళుతోంది. తెల్లవారకముందే లేచి చేపలు శుభ్రం చేయడం, మసాలా పట్టించడం, గిన్నెలకు గుడ్డలు బిగించి కట్టడం, మధ్యాహ్నం అవే గిన్నెలు జిడ్డుతో తిరిగొస్తే ఇసుక పెట్టి తోమడం. ఆ అన్నం ఎవరు తింటారో, తినేటప్పుడు వాళ్ల ముఖాలెలా ఉంటాయో ఆమె ఒక్కసారీ చూడలేదు. తండ్రి జాలరి, ఆమె నడకతో పాటు ఈత నేర్చిన పిల్ల. అయినా పెళ్లయ్యాక సముద్రంలో మోకాళ్లు దాటి దిగింది లేదు.

"ఉమ్ యాసీన్, త్వరగా కానీ" అని వీధిలోంచి బరకాత్ కేకేశాడు.

పెద్దకొడుకు పేరుతో తల్లిని పిలవడం అక్కడి మర్యాద. యాసీన్ పుట్టిన రోజున ఆమె యాసీన్ తల్లి అయింది, తహానీ అన్న పేరు పుట్టింట్లో ఉండిపోయింది. ఆ మర్యాదకు ఆమె లోపల ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం తగులుతూనే ఉంటుంది. ఎందుకంటే యాసీన్ కంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టింది. ఒక సాయంత్రం పుట్టి, ఆ రాత్రి దాటకుండానే పోయింది. తహానీకి జ్వరం దిగి ఒళ్లు తెలిసేసరికి గది కడిగేసి ఉంది, పక్కగుడ్డలు దండెం మీద ఆరుతున్నాయి. ఎక్కడ పెట్టారని అడిగింది. "ఇప్పుడెందుకవన్నీ. మెంతుల కషాయం తాగి పడుకో. అది లెక్కలోది కాదు" అంది అత్త. మరుసటి ఏడాది మళ్లీ అడిగింది. "పెరిగిన పిల్లయితే ఏడవచ్చు. ముఖమైనా సరిగ్గా చూడని దాని కోసం ఏడుపేమిటి" అంది అత్త. బరకాత్‌ని అడిగితే "అమ్మకు తెలుసులే" అన్నాడు. పండగ పొద్దున ఆడవాళ్లు సమాధుల దగ్గర రొట్టెలు పంచేటప్పుడు తహానీ కూడా బుట్ట పట్టుకుని వెళుతుంది. పేరు లేని చిన్న రాళ్ల మధ్య తిరుగుతుంది. ఏ రాయి దగ్గర ఆగాలో తెలియదు. ఆ పిల్లకు మనసులో ఒక పేరు పెట్టుకుంది. ఆ పేరు ఎవరికీ చెప్పలేదు, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనలేదు. అంటే గాలికి పోతుందేమోనని భయం.

రేవు గేటు దగ్గర, పడవల్లో వెళ్లేవాళ్లనూ తిరిగొచ్చేవాళ్లనూ సరిచూసే కాపలా సైనికుడు ఆమెను చూసి కనుబొమ్మలెత్తాడు. "మనింటిదే, వంటకు" అన్నాడు బరకాత్. సైనికుడు పొమ్మని చెయ్యూపాడు. 

పడవలో ఆమె చోటు మెట్ల కిందున్న ఇరుకు వంటగది. పైన జనం నవ్వులు, తడికాళ్ల చప్పుడు. టీ ఇవ్వడానికి పైకి వెళ్లినప్పుడు అసియూత్ ఊరి నుంచి వచ్చిన ముసలావిడ ఒకామె, ఇఖ్బాల్ అట పేరు, గ్లాసు అందుకుంటూ ఆగింది.

"నీకెంతమంది పిల్లలమ్మా?"

తహానీ నోరు తెరిచేలోగా చుక్కాని దగ్గర నుంచి బరకాత్ జవాబిచ్చాడు. "ఇద్దరండీ, దేవుడి దయ. ఇద్దరూ మగపిల్లలే."

"అదృష్టవంతురాలివి" అంది ఇఖ్బాల్.

తహానీ నవ్వింది. ఆ ప్రశ్నకు ఎప్పుడూ అలాగే నవ్వుతుంది. కిందికి దిగాక, నవ్వు ముఖం మీద ఇంకా అలాగే ఉందని గమనించి చేత్తో తుడుచుకుంది.

గుర్రపు నాడాలా వంగి ఉన్న దిబ్బ లోపల నీళ్లు కదలడం లేదు. పడవ ఆగింది. పడవ పనివాడు షహాతా డబ్బాలోంచి నీటి మాస్కులు, గొట్టాలు తీసి అందరికీ ఇచ్చాడు. బరకాత్ పడవకు ఒక పద్ధతుంది. లెక్కపెడదామంటే మనుషులు కుదురుగా నిలబడరు, మాస్కులు నిలబడతాయి. ఎన్ని ఇచ్చారో అన్నీ తిరిగి డబ్బాలోకి రావాలి. డబ్బా నిండితే అందరూ ఎక్కినట్టు, పడవ కదలవచ్చు. తన తండ్రి నేర్పిన పద్ధతి, ఎన్నడూ తప్పలేదని బరకాత్ గొప్పగా చెప్పుకుంటాడు.

అందరూ దిగాక పడవ ఖాళీ అయింది. షహాతా దిబ్బ మీద ఎవరికో చేపలు చూపిస్తున్నాడు. బరకాత్ ముందు భాగంలో టోపీ ముఖం మీద వేసుకుని పడుకున్నాడు. తహానీ అన్నం వేడిచేస్తున్న పొయ్యి తగ్గించింది. గిన్నెలు కట్టి తెచ్చిన గుడ్డల కింద ఆమె మాస్కు ఉంది. పట్టీ తెగిందని బరకాత్ ఎప్పుడో పారేస్తే తీసి కుట్టుకున్నది. ఎందుకు కుట్టుకుందో, ఈ రోజు ఎందుకు తెచ్చుకుందో తనకే తెలియదు. వెనక నిచ్చెన మీదుగా, ఒంటి మీది పొడుగు చొక్కాతోనే నీళ్లలోకి దిగింది. ఎవరూ చూడలేదు.

నీళ్ల కింద నిశ్శబ్దం ఉండదని చిన్నప్పుడు ఆమెకు తెలుసు, మధ్యలో మరిచిపోయింది. దిబ్బంతా సన్నగా చిటపటలాడుతోంది, ఎక్కడో నూనెలో ఏదో వేగుతున్నట్టు. గొట్టంలో తన ఊపిరి పరాయి మనిషి ఊపిరిలా వినబడుతోంది. ఆ వెనక సన్నని ఈల. ఒకటి ఆగితే ఇంకొకటి. డాల్ఫిన్లు కనిపించడానికి ముందే వినిపించాయి.

అవి గెంతడం లేదు, ఆడడం లేదు. పగలు నిద్రపోయే జాతి. ఒకదాని పక్కన ఒకటి, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి, నిద్రలో నడిచేవాళ్లలా వరసగా పోతున్నాయి. చివరన ఒకటి వెనకబడింది. దాని ముక్కు మీద చిన్న పిల్ల. పైన నీటి మీద నుంచి షహాతా కేక మసకగా వినిపించింది. "చూడండి, పిల్లను ఎత్తుకుని ఆడిస్తోంది." జనం చప్పట్లు కొట్టారు.

తహానీ దగ్గరగా వెళ్లింది. పిల్ల తోక కదలడం లేదు. చర్మం అక్కడక్కడ తెల్లగా ఊడుతోంది. తల్లి దాన్ని ఊపిరి కోసం పైకి ఎత్తుతోంది, అది జారుతోంది, తల్లి కిందికి మునిగి మళ్లీ ఎత్తుతోంది. ఎన్నాళ్ల నుంచి ఇలా తిరుగుతోందో. తక్కిన డాల్ఫిన్లు దాన్ని తొందరపెట్టడం లేదు. అది వెనకబడినప్పుడల్లా వేగం తగ్గించి ఆగుతున్నాయి.

తల్లి డాల్ఫిన్ తెరిచి ఉన్న కన్ను ఒకసారి తహానీ వైపు తిరిగింది. ఆ కంట్లో ఆమెకు ఏ జాలీ కనిపించలేదు, ఏ స్నేహమూ కనిపించలేదు. నువ్వు నీ దాన్ని ఎక్కడ పెట్టావు అని అడుగుతున్నట్టు మాత్రం అనిపించింది. తహానీ దాని వెంట వెళ్లింది. దిబ్బ వంపు దాటి, నీలం నల్లబడే చోటుదాకా వెళ్లింది. తల ఎత్తి చూడాలన్న ఆలోచన రాలేదు.

ఇంజను చప్పుడు నీళ్లలో ముందు ఛాతీకి తెలిసింది. తలెత్తేసరికి దిబ్బకు అవతల పడవ మలుపు తిరుగుతోంది. ఆమె చెయ్యెత్తింది. అరిచింది కూడా. ఏమని అరవాలో తెలియక ఒక్క క్షణం ఆగిన మాట నిజం, మొగుణ్ణి పేరు పెట్టి పిలిచిన అలవాటు లేదు. పడవ మీద ఎవరూ వెనక్కి తిరగలేదు. డబ్బా నిండింది, అందులోకి తిరిగి రావాల్సిన మాస్కుల్లో ఆమెది లేదు.

పడవ చిన్నదైంది, చుక్కయింది, పోయింది. ఇంజను చప్పుడు పోయాక సముద్రం తన వైపు చెవి ఒగ్గినట్టు అనిపించింది. కొండలు ఎంతో దూరాన గులాబీ రంగులో ఉన్నాయి. ఇప్పుడు పడవలో ఏం జరుగుతుంటుందో ఆమెకు తెలుసు. ఇఖ్బాల్ తువ్వాలు చుట్టుకుని ఉంటుంది. బరకాత్ టీ అడిగి ఉంటాడు. పొయ్యి మీద అన్నం అడుగంటుతుందేమో అని ఆమెకు గాభరా కలిగింది, ఆ గాభరాకు తనమీద తనకే వింత కలిగింది. కాళ్ల కింద అడుగు కనబడని నీళ్లుంటే తాను తలుచుకున్నది అన్నాన్ని. చావు భయం ఆ తర్వాత వచ్చింది, నెమ్మదిగా, చలిలాగా. నేను పోతే నన్నెక్కడ పెడతారో పిల్లలకు ఎవరైనా చెబుతారా? లేక వాళ్లకూ కషాయం ఇచ్చి పడుకోమంటారా?

తల్లి డాల్ఫిన్ ఆమె చుట్టూ తిరుగుతోంది. పిల్ల జారి, తెల్లగా, మెల్లగా కిందికి పోతోంది. తల్లి మునిగింది. తహానీ ఊపిరి బిగపట్టి చూసింది. చాలాసేపు ఏమీ కనిపించలేదు. తర్వాత చీకట్లోంచి ముందు తెల్లని పిల్ల, దాని కింద తల్లి, పైకి వచ్చాయి. తహానీ వెల్లకిలా తేలి, తండ్రి నేర్పినట్టు చేతులు చాపి, ఆకాశం కేసి చూస్తూ ఉండిపోయింది. ఆమె పక్కన ఆ తల్లి ఊపిరి వదిలినప్పుడల్లా తుంపరలు ముఖం మీద పడుతున్నాయి. మనిషి నిట్టూర్పుకీ దానికీ తేడా లేదు.

పడవ తిరిగొచ్చింది. బరకాత్ ముఖం సున్నం కొట్టినట్టుంది. నిచ్చెన మీద సగం దాకా దిగి చెయ్యి చాపాడు.

"ఉమ్ యాసీన్, నువ్వు కిందే ఉన్నావనుకున్నా. టీ అయిందా అని పిలిచాను. వస్తున్నా అన్నావు."

"నేనా?"

"నీ గొంతే వదినా" అన్నాడు షహాతా పైనుంచి. "నేనూ విన్నాను. రెండుసార్లు అన్నావు. అన్నం వడ్డించడానికి ఎంతకీ రాలేదని దిగి చూస్తే ఎవరూ లేరు."

తహానీ వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసింది. అబద్ధం చెప్పే ముఖాలు కావు. నిజంగానే విన్నారు. ఇన్నేళ్లూ పిలిచిన ప్రతిసారీ "వస్తున్నా" అన్న మనిషి అక్కడ లేకపోయినా వాళ్లకు ఆ మాట వినబడుతుంది. తాను చచ్చి ఈ నీళ్ల అడుగున ఉన్నా, ఆ వంటింట్లోంచి తన గొంతు "వస్తున్నా" అంటూనే ఉంటుంది కాబోలు. నీళ్లలో అంతసేపున్నా రాని వణుకు అప్పుడు వచ్చింది.

ఆమె నిచ్చెన పట్టుకుంది, ఎక్కలేదు.

"మన పిల్లనెక్కడ పెట్టారు?"

"ఏ పిల్ల? ముందు పైకి రా, జనం చూస్తున్నారు."

"మొదటి పిల్ల."

బరకాత్ వెనక్కి చూశాడు, గొంతు తగ్గించాడు. "ఇప్పుడా ఆ మాట? అమ్మకు తెలుసన్నాను కదా."

"నీకు తెలియదా?"

నీళ్లు పడవ పక్కకు తట్టుకుంటున్నాయి. అతను చాపిన చెయ్యి అలాగే ఉంది.

"ఆ రోజు నేను సముద్రం మీదున్నాను" అన్నాడు చివరికి. "వచ్చేసరికి అంతా అయిపోయింది. మళ్లీ నేనడగలేదు."

అతను దాస్తున్నాడని ఇన్నాళ్లూ అనుకుంది. దాచడానికి అతని దగ్గర ఏమీ లేదు. ఆ చెయ్యి పట్టుకోకుండానే మెట్లెక్కి వచ్చింది. ఇఖ్బాల్ లేచి తన తువ్వాలు ఆమె భుజాల మీద కప్పింది. తహానీ కిందికి వెళ్లలేదు. అన్నం షహాతాయే వడ్డించాడు. అందరూ తింటున్నప్పుడు ఆమె వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూసింది.

రేవు దగ్గర పడుతుంటే బరకాత్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "నిన్ను నీళ్లలో వదిలొచ్చామని సైనికుడి చెవిన పడితే నా పడవను ఇక కదలనివ్వరు. ఇంట్లో మాట్లాడుకుందాం. నీకేం కావాలంటే అది కొనిస్తా, సరేనా?"

తహానీ సరే అనలేదు. అనలేదని అతను గమనించలేదు. ఆ మాట విన్నట్టే లేచి వెళ్లాడు.

జనం దిగారు. గేటు దగ్గర అదే సైనికుడు, పడవ నడిపేవాళ్లందరినీ రయ్యిస్ అనే పిలుస్తాడు.

"అందరూ వచ్చారా రయ్యిస్?"

"అందరూ."

"లేదు నాయనా" అంది తహానీ. "ఒక పిల్ల రాలేదు."

సైనికుడు బల్ల మీంచి లేచి నిలబడ్డాడు.

"ఎవరి పిల్లమ్మా?"

"ఈయన కూతురు. నా కూతురు."

"పేరు?"

ఇన్నేళ్లు లోపలే ఉన్న పేరు. బయటికి వచ్చింది. గాలికి పోలేదు.

"జుమానా."

"చివరిసారి ఎక్కడ చూశారు?"

"నన్ను చూడనివ్వలేదు. ఎక్కడుందో మా అత్తగారికి తెలుసు. పిలిపించు బాబూ, చెబుతుంది."

సైనికుడు ఆమె ముఖంలోకి చూశాడు, బరకాత్ ముఖంలోకి చూశాడు. ఏమర్థమైందో ఏమో, గేటుకు అడ్డంగా గొలుసు లాగి తాళం వేశాడు.

"ఆ పిల్ల ఎక్కడుందో తేలేదాకా ఇక్కణ్ణుంచి ఎవరూ కదలడానికి లేదు" అన్నాడు.