నాలుగో దెబ్బ

తప్. తప్. తప్.

కాస్త ఆగి… తపా!

గోడకు అటువైపు లింగవ్వ జొన్నరొట్టె కొడుతోంది. మూడు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. మూడింటికి పిండి సాగుతుంది. నాలుగోదానికి రొట్టె తిరుగుతుంది.

పన్నెండేళ్లుగా పక్కపక్క గదుల్లో ఉంటున్నాం. ఆ చప్పుడు వినడం మాత్రం అదే మొదటిసారి.

పని కోసం వలస వచ్చిన ఈ ఉధ్నాలో మా గదుల కింద నలభై సాంచాలు. మరమగ్గాలను మావాళ్లు అలాగే అంటారు. పగలూ రాత్రీ ఖట్ ఖట్ ఖట్… అరిస్తేనే మాట. నవ్వు కూడా కళ్లతో చూడాల్సిందే.

కరోనా రెండో వేవ్ వచ్చిన ఏప్రిల్ అది. సగం మంది ఊళ్లకు రైలెక్కారు. సేఠ్ కింద కరెంటు ఆపేశాడు. సాంచాలు నిలిచిపోయాయి.

అప్పుడు వినపడింది — లింగవ్వ చెయ్యి.

ఎంత చెయ్యి అది!

కొత్త కోడలిగా వచ్చినప్పుడు నా రొట్టెలన్నీ అంచుల్లో పగిలేవి. ఆ హోరులో చెప్పినా వినపడదు. అందుకని నా అరచేతిని తన చేతి మీద పెట్టుకుని రొట్టె కొట్టింది. మూడు… ఒకటి. మూడు… ఒకటి. నేను చెవితో కాదు, చేత్తో నేర్చుకున్నాను.

కాన్పయిన నెలంతా నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. డ్యూటీ దిగి వచ్చే ఒంటరి మగవాళ్లకు ఆ గుమ్మంలో ఎప్పుడూ రెండు రొట్టెలు, ఇంత ఉల్లికారం. తనకు మాత్రం ఎవరూ లేరు. ఆ మాటంటే ఊరుకోదు.

“తినేటోళ్లందరు నావోళ్లే గదనే!”

జ్వరం వచ్చిన రోజు లోపల గడియ పెట్టుకుంది. నేను ఫోన్ చేశాను.

“అక్కా, రొట్టెలు చేసి గుమ్మంల పెడ్త.”

“నీ రొట్టెలా? మేస్త్రి గోడకు సిమెంటు కొట్టినట్టు కొడ్తవ్. నాకద్దు. నా రొట్టె నేనే చేసుకుంటున్న, ఇనవడ్తలేదా?”

వినపడుతోంది. పొద్దున, సాయంత్రం. తప్ తప్ తప్… తపా!

నవ్వుకున్నాను. చెయ్యి ఆడుతోందంటే మనిషి బాగున్నట్టే.

మూడు రోజులు అలాగే అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున, నా భర్త రఘుపతి గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఇరవై ఏళ్లు సాంచాల హోరు తిన్న చెవులు. పక్కనే నిలబడి పిలిచినా పలకడు. కానీ నలభై సాంచాల్లో ఒక్కటి లయ తప్పితే చాలు, ఒంటికి తెలిసిపోతుంది.

చాయ్ గ్లాసు కింద పెట్టాడు. గోడ మీద అరచెయ్యి ఆనించాడు.

“మంగా… నాలుగోది పడ్తలేదు.”

విన్నాను.

తప్. తప్. తప్.

అంతే.

మళ్లీ… తప్. తప్. తప్.

రొట్టె తిరగడం లేదు. తిప్పకుండా రొట్టెను ఎవరైనా ఎంతసేపు కొడతారు?

ఇంకొకటి తట్టింది. కాలిన జొన్న వాసన… మూడు రోజుల్లో ఒక్కసారైనా వచ్చిందా?

రాలేదు.

పరుగెత్తాను.

“తలుపు తియ్యక్కా!”

“పోవే… నీకు… పిల్లలున్నరు…”

మాటకూ మాటకూ మధ్య ఈల లాంటి ఊపిరి.

రఘుపతి భుజంతో గుద్దాడు. గడియ ఊడింది.

పొయ్యి చల్లగా ఉంది. పెనం గోడకు ఆనించి ఉంది. పళ్లెంలో ఒకే ఒక్క పిండిముద్ద. పులిసిన వాసన. ఎండినప్పుడల్లా నీళ్లు చల్లినట్టుంది. లింగవ్వ చెయ్యి ఇంకా దాని మీదే ఉంది.

రొట్టె చేయడం లేదు. చప్పుడు చేస్తోంది.

నేను తలుపు కొట్టకూడదని. నాకు అంటకూడదని.

పన్నెండేళ్లు రొట్టె పెట్టింది. పెట్టడానికి రొట్టె లేనప్పుడు… దాని చప్పుడు పెట్టింది.

ఆటోలో తీసుకెళ్లాం. ఆసుపత్రి గేటు దగ్గరే నన్ను ఆపేశారు. స్ట్రెచర్ లోపలికి వెళ్లిపోయింది. పక్కకు వేలాడుతున్న ఆ చేతినే చూస్తూ నిలబడ్డాను. గోళ్లలో ఇంకా పిండి.

ఆరు రోజులు ఏ కబురూ లేదు.

ఏడో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. వార్డులోని సిస్టర్.

“మాస్క్ లగా హై, బోల్ నహీ పాయేంగీ. ఆప్ బోలియే… సున్ రహీ హై.”

ఆక్సిజన్ మాస్క్ పెట్టారట, లింగవ్వ మాట్లాడలేదట; వింటుంది, నన్ను మాట్లాడమంది. ఏం మాట్లాడను?

ఫోన్‌ను పిండి డబ్బాకు ఆనించాను. పళ్లెం ముందుకు లాక్కున్నాను.

రొట్టె కొట్టాను. మూడు… ఒకటి. మూడు… ఒకటి. మేస్త్రి సిమెంటు కొట్టినట్టే.

ఆగాను.

సరిగ్గా అప్పుడే కింద ఎవరో స్విచ్ వేశారు. రెండు వారాల తర్వాత ఒక సాంచా కదిలింది. ఖట్… ఖట్… వెంటనే రెండోది.

ఫోన్ చెవికి అదుముకున్నాను. రెండో చెవి పిండిచేత్తో మూసుకున్నాను.

అవతల, ఇనుప మంచం పట్టీ మీద, అరచేతి చప్పుడు.

తప్.

ఆ చెయ్యి అబద్ధమాడగలదని నాకిప్పుడు తెలుసు.

తప్.

మూడు దాకా ఆడగలదు. నాలుగోదానికి ఊపిరి కావాలి.

కింద మూడో సాంచా లేచింది. రఘుపతి వచ్చి ఫోన్ వెనక అరచెయ్యి ఆనించాడు.

తప్.

కాస్త ఆగి…