రింగులు కూర్చోలేదు

తలకి సబ్బు రాసుకుని ఇంకా ఒక్క మగ్గు నీళ్ళు కూడా పోసుకోలేదు, వాకిట్లో కారు ఇంజిన్ మొదలైంది. మొదలై, ఎక్కడికీ కదలకుండా గుర్రుమంటూనే ఉంది. ఆమె ఒక నిమిషం చూసింది, రెండు నిమిషాలు చూసింది. ఇక ఒళ్ళు మండి, నైటీ తగిలించుకుని, నెత్తిమీద నురగతోనే బయటికి పరుగెత్తింది.

"నాన్నా! నిలబెట్టి తిప్పొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? స్టార్ట్ చేశావంటే బయల్దేరాలి, అంతే!"

"కాస్త వేడెక్కనియ్యమ్మా. నిద్ర లేవగానే నువ్వు మాత్రం పరుగెత్తుతావా?" అన్నాడు తండ్రి, స్టీరింగ్‌ని చంటిపిల్లలా నిమురుతూ.

"ఇప్పుడు పరుగెత్తే వచ్చాను కదా!"

ఆయన నవ్వి ఇంజిన్ ఆపేశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. రేపు మళ్ళీ ఇదే గుర్రు.

ఆ ఇంజిన్‌ని విప్పి మళ్ళీ కట్టింది ఆమే. నాలుగేళ్ళుగా మెకానిక్ షెడ్డులో పనిచేస్తున్నా, ఇంతవరకూ ఆమెకి దక్కింది ఆయిల్ మార్చడం, బ్రేకులు బిగించడం. ఇంజిన్లు విప్పి కట్టే బల్ల వైపు రెండడుగులు వేస్తే చాలు, "అటు కాదమ్మాయ్" అనేవాడు పెద్దమేస్త్రి. అడిగి అడిగి ఆమె నోరు నొప్పి పుట్టాక, ఆయన చెవి నొప్పి పుట్టాక, చివరికి ఒక మాట ఇచ్చాడు. ఇంజిన్ అరిగి బోరుకొచ్చి మూలపడిన మీ నాన్న కారు ఉందిగా, దాని ఇంజిన్ నువ్వే విప్పి కట్టు. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక పొగ రాకపోతే బల్ల నీది. వచ్చిందా, మళ్ళీ ఆ ఊసెత్తకు.

ఆ షెడ్డుకి ఇంకో పద్ధతి కూడా ఉంది. కట్టినవాళ్ళు ఆ వెయ్యి కిలోమీటర్లూ స్టీరింగ్ ముట్టుకోకూడదు, బండి ఎవరిదో వాళ్ళే నడపాలి. కట్టినవాడి చేతిలో మాత్రమే బాగుండేది ఇంజినే కాదంటాడు పెద్దమేస్త్రి. మాట బంగారంలాంటిదే. కాకపోతే ఆయనకి ఆమె నాన్న సంగతి తెలియదు.

ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపాడాయన. పిల్లలు "తాబేలు తాతయ్య" అని పిలిచేవారు. అది బిరుదనుకుని ఇంట్లో చెప్పుకుని మురిసిపోయేవాడు.

కొత్త రింగులకి గారాబం పనికిరాదు. కాస్త తొక్కాలి, వదలాలి, ఎత్తు ఎక్కించాలి, దింపాలి. అప్పుడే లోపలి ఒత్తిడికి పిస్టన్ చుట్టూ ఉండే ఈ రింగులు సిలిండర్ గోడకి ఒరుసుకుని తమ చోటు చూసుకుని కూర్చుంటాయి. మెత్తగా నడిపితే గోడ నున్నబడి మెరుగెక్కిపోతుంది, రింగు పట్టదు, ఆయిల్ పైకి పాకి మండుతుంది. ఇదంతా ఆమె నాన్నని కూర్చోబెట్టి, గ్లాసులో గ్లాసు దూర్చి చూపించి మరీ చెప్పింది. "ముప్పై నుంచి అరవై, మళ్ళీ ముప్పై. రోజుకి రెండుసార్లు కొండమీది నీళ్ళ ట్యాంకు దాకా" అని కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించింది. "అలాగే తల్లీ" అన్నాడాయన. ఆ "అలాగే" వింటేనే ఆమెకి భయం.

ఒకరోజు మధ్యాహ్నం షెడ్డు గేటు దగ్గర నిలబడి ఉండగా నాన్న కారు వెళ్ళింది. దాన్ని దాటుకుంటూ ఒక సైకిల్ కూడా వెళ్ళింది.

సాయంత్రం నిలదీసింది. "కొండెక్కావా?"

"ఎక్కాను."

"తొక్కావా?"

"నువ్వు చెప్పినట్టే."

ఆమె పళ్ళు నూరుకుంది. మీటరు ఎంత దూరం వెళ్ళావో చెబుతుంది గానీ ఎలా వెళ్ళావో చెప్పదు కదా.

వెయ్యి నిండిన రోజు తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని కారు షెడ్డుకి తెచ్చాడు. పెద్దమేస్త్రి సైలెన్సర్ ముందు తెల్లగుడ్డ పట్టుకుని, ఎక్కి తొక్కమని ఆమెకి సైగ చేశాడు. తొక్కింది. వెనక నీలంగా పొగ లేచింది. గుడ్డ నిండా జిడ్డు చుక్కలు. పనివాళ్ళంతా చేతిలో పని ఆపి చూశారు.

"రింగులు కూర్చోలేదు" అన్నాడు పెద్దమేస్త్రి. తండ్రి వైపు తిరిగి, "ఎలా నడిపారండీ?" అని అడిగాడు.

"మా అమ్మాయి చెప్పినట్టేనండీ! అక్షరం పొల్లుపోలేదు. కొండెక్కించాను, తొక్కాను, వదిలాను" అన్నాడాయన గుండె విరుచుకుని. కూతురి పక్షాన సాక్ష్యం చెబుతున్నాననే అనుకుంటున్నాడు.

"మరైతే కట్టడంలోనే తప్పుంది. బ్రేకులు చూసుకో అమ్మాయ్."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. మా నాన్న అబద్ధం చెబుతున్నాడు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎనిమిది మంది ముందు అనలేకపోయింది. అనలేకపోయినందుకు తనమీద తనకే కోపం వచ్చింది, అనాల్సిన అవసరం తెచ్చినందుకు ఆయన మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. వెళ్ళి స్పానర్ తెచ్చుకుంది.

"విప్పి చూపిస్తాను. గోడ చూస్తే మీకే తెలుస్తుంది."

వేడిమీద విప్పితే ఇంజిన్ పైమూత, అదే హెడ్డు, వంకరపోతుంది. చల్లారేదాకా గంటన్నర ముగ్గురూ బిగుసుకుని కూర్చున్నారు. తర్వాత ఆమె నీళ్ళు దింపి, గొట్టాలు ఊడదీసి, హెడ్డు బోల్టులు ఒక్కొక్కటే వదులు చెయ్యడం మొదలుపెట్టింది. నాలుగో బోల్టు కిర్రుమనేసరికి తండ్రి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"విప్పకమ్మా. నేను తొక్కలేదు."

ఆమె స్పానర్ వదల్లేదు.

"కొండ మొదట్లోంచే తిప్పుకొచ్చేసేవాణ్ణి. నీ చేత్తో కట్టావు. నా కాలికింద ఏమైనా అయితే నీకేం మొహం చూపించను?"

"మరి ఇందాక ఎందుకలా చెప్పావు?"

"కన్నతండ్రే నీ మాట వినలేదంటే, వీళ్ళలో ఎవరు వింటారే?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "ముప్పై ఏళ్ళ డ్రైవరుకి కాలు వణికిందటరోయ్!" ఆమెకి గుండెల మీంచి బరువు దిగింది. దిగినందుకు సిగ్గూ వేసింది.

"విప్పాల్సిందే నాన్నా. తొక్కినా, తొక్కకపోయినా."

హెడ్డు లేచాక పెద్దమేస్త్రి టార్చి వేసి లోపలికి వంగాడు. గోడ మెరుస్తోంది. ఆ మెరుపు కింద, రింగు పట్టు దొరకడానికి కట్టేటప్పుడు ఆమె గీసిన సన్నటి అడ్డగీతలు ఎక్కడా తప్పకుండా కనబడుతున్నాయి. వేలితో తడిమి చూశాడు.

"పనిలో తప్పు లేదు. సోమవారం నుంచి బల్ల నీది. ముందు దీన్నే గీకి కొత్త రింగులు వెయ్యి. పద్ధతి ఈ ఒక్కసారికి పక్కనపెట్టి నువ్వే నడుపుకో."

నాలుగేళ్ళుగా ఎదురుచూసిన మాట. ఎగిరి గంతెయ్యాల్సింది. ఆమెకి మాత్రం ఎక్కడైనా కాసేపు కూలబడితే బాగుండుననిపించింది.

తండ్రి బోల్టులు అరచేతిలో పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. "ఈసారి నువ్వే నడుపమ్మా. నేను ఊరికే పక్కన కూర్చుంటాను, ఒక్క మాట మాట్లాడితే ఒట్టు" అన్నాడు.

"వద్దు నాన్నా. నువ్వు పక్కనుంటే నేనూ తొక్కలేను."

అన్నాక ఆమెకే మనసు చివుక్కుమంది, అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన బోల్టులు ఒక్కొక్కటే బల్లమీద వరసగా పెట్టి, బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయాడు.