బావమరిది ఆపిన మూడు మలుపులు

పైపులు, కుళాయిలు అమ్మే దుకాణానికి పన్నెండు రోజులు తాళం వేసి, మోటారుసైకిలు మీద కొండలన్నీ తిరిగొస్తానంటే నా భార్య కాదనలేదు. ఒక షరతు పెట్టింది. ఆరో రోజు సాయంత్రం ఐదింటికి తను చెల్లెలితో కలిసి కింది రోడ్డున బస్సులో సరస్సు పక్క ఊరికి వస్తుంది. అప్పటికి నేను కనుమ దాటి అక్కడుంటే మిగిలిన ఆరు రోజులూ నావి. లేకపోతే బండి లారీ ఎక్కుతుంది, నేను ఆమె పక్కన బస్సు ఎక్కుతాను.

"నడుం నొప్పి మనిషి, ఒంటరిగా వద్దండీ. మా తమ్ముడొస్తాడు. వాణ్ణి వదిలేసి ముందొస్తే మాత్రం చెల్లదు" అంది.

బావమరిది తన పాత చిన్న బండి వేసుకుని వచ్చాడు. ఉచితంగా వచ్చిన సరుకును నేను రెండుసార్లు తిప్పి చూస్తాను. ఇంటివాడే కదా అని వాణ్ణి చూడలేదు.

ఆరో రోజు పొద్దున ఎనిమిదింటికి ఘాటు రోడ్డు ఎక్కడం మొదలుపెట్టాం. గంట గడిచిందో లేదో వెనక నుంచి హారను.

"బావా, చైను వదులైంది."

ముందురోజు నేనే బిగించాను. అయినా వాడు పానా తీసి అరగంట గడిపాడు. ఇంకో పది మలుపుల తర్వాత టైర్లో గాలి తగ్గిందన్నాడు. బొటనవేలితో నొక్కితే రాయిలా ఉంది. పన్నెండు దాటాక ఏకంగా వాడికి కళ్లు తిరిగాయి. రోడ్డు పక్క బండ మీద వెల్లకిలా పడుకున్నాడు.

సరుకు వదిలేసి గడియారం చూసే మనిషి కొనడానికి రాలేదని లెక్క. కళ్లు తిరిగినవాడు పడుకుని మరీ గడియారం చూస్తున్నాడు. అనుమానమొచ్చి నా ఫోను తీశాను. సిగ్నలు నిండుగా ఉంది. పొద్దుటి నుంచి సిగ్నలు అంది నా ఫోను టింగుమన్న మలుపులు మూడు. బావమరిదికి ఆపద వచ్చినవీ ఆ మూడే. ఆగిన ప్రతిచోటా వాడికి ఇంటి నుంచి ఫోను అందుతోందన్నమాట.

"మీ అక్క ఏమిస్తానందిరా?"

"ఎవరు బావా?"

"నేను ఆలస్యంగా చేరితే నీకేమిస్తానంది?"

వాడు లేచి కూర్చుని చెప్పుల దుమ్ము దులుపుకున్నాడు. "నీ బండి."

కోపం రాలేదు. నా సరుకును నాకు తెలియకుండా బేరం పెట్టిన మనిషి మీద గౌరవమే పెరిగింది. కానీ ఇంకా డెబ్బై కిలోమీటర్లుంది. తిడితే వీడు సాయంత్రం దాకా ఈ బండ దిగడు. వదిలి వెళ్తే చెల్లదు. తాళంచెవి తీసి వాడి ఒళ్లో వేశాను.

"నడిపి చూడకుండా బండి తీసుకుంటారట్రా ఎవరైనా? ఎక్కుడులో చూసుకో, దిగుడులో చూసుకో. రేపు బావ నాసిరకం అంటగట్టాడనకు."

"నిజంగానా?"

కళ్లు తిరగడం అక్కడితో ఆగింది. వాడు నా బండెక్కాడు, నేను చెక్కపీట లాంటి వాడి బండి సీటు మీద కూర్చున్నాను. ఆ తర్వాత వాడికి చైను గుర్తు రాలేదు, టైరు గుర్తు రాలేదు. మలుపు మలుపుకీ నా బండి పక్కకి వాలి లేస్తుంటే వెనక నేను నడుం పట్టుకుని తంటాలు పడ్డాను. కనుమ పైన నా ఫోను మోగింది.

"మా తమ్ముడు ఫోనెత్తడం లేదేంటండీ?"

"పని మీదున్నాడు."

ఐదింటికి ఇరవై నిమిషాలుండగా సరస్సు ఊరి బస్టాండులో ఆగాం. ఐదుకి బస్సు దిగిన నా భార్య నన్ను చూసింది, గడియారం చూసింది, చివరికి తమ్ముణ్ణి చూసింది.

"ఏరా, నిన్ను పంపిందెందుకు?"

"అక్కా, దిగుడులో బ్రేకు వెన్నలా పడుతుందే!"

చెల్లెలు పక్కకి తిరిగి నవ్వింది. నా భార్య మాట తప్పే మనిషి కాదు. "సరే, ఆరు రోజులూ తిరిగి రండి" అంది.

తాళంచెవి కోసం చెయ్యి చాపాను. వాడు దాన్ని జేబులో వేసుకున్నాడు.

"ఏరా?"

"నడిపి చూసుకోమన్నావుగా. ఎక్కుడు చూశాను, దిగుడు చూశాను. వానలో చూడలేదు కదా బావా. చలికి పొద్దున్నే ఎలా స్టార్టవుతుందో కూడా చూడాలి. ఈ ఆరు రోజులూ చూసి చెప్తాను."

"ఓడిపోయినవాడికి బండేంట్రా?"

"తొందరపెట్టకండి," అంది నా భార్య, సంచీ భుజాన వేసుకుంటూ. "నడిపి చూసుకోమన్నది మీరేనటగా."

అక్కాచెల్లెళ్లు కాఫీకి వెళ్లారు. నేను నా దుప్పటి తీసి, ఎన్ని మడతలు వేస్తే ఆ చెక్కపీట మీద ఆరు రోజులు కూర్చోవచ్చో చూసుకుంటున్నాను.