ఓడినవాళ్ళే ఊదాలి

ప్రతి మంగళవారం పొద్దున్న ఆ పెద్దవాళ్ళ క్లబ్బు హాల్లో మొదటి పని కుర్చీలు వేయడం. ఇటో వరస, అటో వరస, మధ్యలో ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి ఓ తాడు. వచ్చేవాళ్ళందరివీ అరిగిపోయిన మోకాళ్ళే. అయితేనేం, ఆట మొదలైతే ఒక్కొక్కళ్ళ నోరు చూడాలి! కుర్చీలో కూర్చునే బెలూన్ని చేత్తో కొట్టి తాడు దాటించాలి. నేల తగిలితే అవతలివాళ్ళకి పాయింటు. కుర్చీ వదిలి లేస్తే తప్పు. ఆటలాడించే అమ్మాయి మెళ్ళో విజిలు వేసుకుని మధ్యలో నిలబడేది కానీ, ఆ విజిలు వినిపించుకునే నాథుడే లేడు.

ఆ హాల్లో ఓ కట్టుబాటు ఉంది. ఓడిన జట్టు కెప్టెనే పైవారం బెలూను ఊదాలి, అదీ నోటితోనే. పంపుతో నింపిన బెలూను బద్ధకంగా ఎగురుతుందని అక్కడ అందరి నమ్మకం. అమ్మాయి మొదట్లో మొత్తుకుంది. పెద్దవాళ్ళతో వాదించి గెలిచినవాళ్ళెవరు? ఊరుకుంది.

కిటికీ వైపు జట్టుకి దర్జీ కెప్టెను. గోడ వైపు జట్టుకి ఎప్పుడో రిటైరైన బస్సు డ్రైవరు. చిన్నప్పట్నుంచీ ఒరే అంటే ఒరే అనుకునే స్నేహం వాళ్ళది. ఆట దగ్గరికొచ్చేసరికి మాత్రం పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. దర్జీ పక్క కుర్చీ ఆయన భార్యది. దుకాణంలో కాజాలు తీయడం, బొత్తాలు కుట్టడం అన్నీ ఆవిడ పనే కాబట్టి ఆవిణ్ణి అందరూ కాజాలమ్మ అనేవాళ్ళు.

ఓ మంగళవారం ఆఖరి పాయింటు దగ్గర బెలూను డ్రైవరు కాళ్ళ దగ్గర పడింది. హాలంతా చూసింది.

"నేల తగల్లేదు, నా బూటు మీద పడింది" అన్నాడు డ్రైవరు.

"పడి, దొర్లి, నేలమీదకొచ్చింది. నీ కళ్ళేమయ్యాయన్నయ్యా?" అంది కాజాలమ్మ.

"నా కళ్ళతోనే ఇన్నేళ్ళు బస్సు నడిపాను చెల్లెమ్మా!"

దర్జీ నవ్వేశాడు. "పోనీలేరా. నువ్వే గెలిచావు, సరేనా?"

ఆయన సంగతే అంత. కొలతలు సరిగ్గానే తీసుకున్నా, బిగుతైందని ఎవరైనా గొడవకొస్తే పోనీలే అని విప్పి మళ్ళీ కుట్టేవాడు. కాజాలమ్మకి ఒళ్ళు మండేది.

అలా, నిజానికి ఓడనివాడు పైవారం బెలూను ఊదడానికి కూర్చున్నాడు. అప్పటికే ఆయన గుండె బాగాలేదు. మధ్యమధ్యలో ఆగుతూ, ఆయాసపడుతూ, పసుపుపచ్చ బెలూన్ని నిండుగా ఊదాడు. మూతి ముడేసి భార్య ఒళ్ళో పెట్టాడు. "కాసిని మంచినీళ్ళు పట్రా" అన్నాడు. ఆవిడ గ్లాసుతో వచ్చేసరికి ఆయన ప్రాణాలతో లేడు.

ఆ తర్వాత చాలాకాలం కాజాలమ్మ హాలు గడప తొక్కలేదు. వచ్చేసరికి బెలూను ఇంకా ఉంది. మామూలుగా అయితే పైవారానికి వడిలిపోయి మూలన పడుండాలి. ఇది మాత్రం ఊదిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. చేత్తో పట్టుకుంటే కాస్త వెచ్చగా కూడా ఉంది. ఎవరూ వింతపడలేదు. "దర్జీగారి ఊపిరి కదా, చేసిన పని అంత తేలిగ్గా ఊడిపోతుందా?" అన్నారు. దాంతోనే ఆడుకుంటున్నారు. ఎవరికీ మళ్ళీ ఊదే పని పడలేదు.

కాజాలమ్మ భర్త స్థానంలో కెప్టెనైంది. బెలూను తన వైపు వచ్చినప్పుడల్లా ఆవిడ కొట్టేది కాదు, నిమిరి పంపేది. ఏ గోరు తగులుతుందో, ఏ మేకు గుచ్చుకుంటుందోనని ఆటంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేది. ఆఖరికి ఓ రోజు నోరు విప్పి అడిగేసింది.

"దీన్ని నేను ఇంటికి తీసుకెళ్తాను."

"తీసుకెళ్ళు తల్లీ, నీదే" అంది పక్కనున్న నర్సమ్మ. ఆసుపత్రిలో జీవితమంతా నర్సుగా పనిచేసి మానేసిన మనిషి ఆవిడ.

డ్రైవరు మాత్రం గొణిగాడు. "వాడు మనం ఆడుకోవడానికి ఊదాడు చెల్లెమ్మా. దాచుకోవడానికి కాదు."

"ఆయన ఊదాల్సిన కర్మ ఎవరివల్ల పట్టింది?" అంది కాజాలమ్మ. "నువ్వు ఆ రోజు ఒక్క నిజం చెప్పుంటే నా మనిషి నాకుండేవాడు."

డ్రైవరు తలెత్తలేదు. "నావల్లే" అన్నాడు.

"ఇవాళ్టి ఆట అయ్యాక తీసుకెళ్ళిపోతాను. మళ్ళీ రాను. మీ ఆటకో దణ్ణం, మీకో దణ్ణం."

ఆట మొదలైంది. ఆ రోజు ఎవరూ అరవలేదు. బెలూను అటూ ఇటూ పోతుంటే అమ్మాయి పాయింట్లు చెబుతోంది, అంతే. డ్రైవరు ఒకసారి పైకి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి బెలూన్ని చేరలేదు. మనిషి కుర్చీలోంచి పక్కకి ఒరిగి కిందపడ్డాడు. ఏళ్ళ తరబడి ఇంజను పొగ మింగిన ఊపిరితిత్తులు అతనివి. కొన్నాళ్ళుగా మెట్లెక్కడానికే అల్లాడిపోతున్నాడు.

నర్సమ్మ నేలమీద కూర్చుని అతని చొక్కా గుండీలు విప్పింది. "గాలి అందట్లేదు. పెదాలు చూడండి, నీలంగా అయిపోతున్నాయి."

అమ్మాయి అంబులెన్సుకి ఫోన్ చేసింది. దారిలో ఏదో లారీ అడ్డం పడిందట, ఆలస్యమవుతుందట. నర్సమ్మ అతని నోట్లోకి తన ఊపిరి ఊదింది. ఆవిడది మాత్రం ఎంత ఊపిరి? ఊది, ఊది, అలిసిపోయింది. తలెత్తి బెలూను వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది. ఎవరూ అడగలేదు. అడిగే మాట కాదని అందరికీ తెలుసు.

బెలూను కాజాలమ్మ ఒళ్ళో ఉంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఇదే ఆఖరు. ఇది పోతే ఆయనది అంటూ లోకంలో ఇంక ఊపిరే మిగలదు. పోయి పోయి ఎవరికి? ఇతనికా? ఇవ్వను అనుకుంది. చచ్చినా ఇవ్వను. కానీ ఆయనే ఇక్కడుంటే ఏం చేసేవాడో ఆవిడకి బాగా తెలుసు. ఆవిడ కోపమంతా అందుకే.

"నువ్వెప్పుడూ ఇంతే" అంది బెలూనుతో, కళ్ళనీళ్ళు కారిపోతుంటే. "ఎవరేం చేసినా పోనీలే. నా గురించి ఒక్కసారైనా ఆలోచించావా?"

అంటూనే లేచింది. సూదితో పొడిస్తే బెలూను పేలి ఊపిరి హాలంతా చెదిరిపోతుంది. ముడి కింద మెడని చిటికెన వేలితో అరచేతికి నొక్కిపట్టి, జన్మంతా దారాలతో గడిపిన గోళ్ళతో ముడిని కొంచెం కొంచెంగా వదులు చేసింది. ముడి ఊడింది. నర్సమ్మ డ్రైవరు ముక్కు మూసి పట్టుకుంది. కాజాలమ్మ బెలూను మూతి అతని పెదాల మధ్య పెట్టి నెమ్మదిగా వదిలింది. అతని ఛాతీ లేచింది. బెలూను చిన్నదైపోయి ఆవిడ చేతిలో చల్లబడింది. డ్రైవరు దగ్గాడు. తర్వాత తనంతట తనే ఊపిరి తీసుకున్నాడు.

ఓ మంగళవారం ఆసుపత్రి నుంచి అతను హాలుకి నడిచే వచ్చాడు. ఆ మంగళవారం కాజాలమ్మ కూడా వచ్చింది. ఇంట్లో కూర్చోలేకపోయింది.

అమ్మాయి కొత్త బెలూను పట్టుకుని అటూ ఇటూ చూసింది. "ఆ రోజు ఆట సగంలో ఆగిపోయిందిగా. ఓడిందెవరు?"

"కుర్చీ వదిలి కిందపడింది నేను. మేమే ఓడాం" అన్నాడు డ్రైవరు. "ఇటియ్యమ్మా."

కాజాలమ్మ గబుక్కున లేచింది. "వద్దన్నయ్యా! ఆయన్ని మళ్ళీ బయటికి పంపించకు. నీ దగ్గరే ఉండనీ."

డ్రైవరు వినలేదు. ఎక్కడా ఆగకుండా, ఒక్క దగ్గు లేకుండా నిండుగా ఊదాడు. ముడేసి, తాడు కింద నుంచి వంగి వచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"ఇందులో వాడెంతో నేనెంతో నాకు తెలీదు చెల్లెమ్మా. ఇంటికి తీసుకెళ్ళు. అడ్డు చెప్పను."

బెలూను వెచ్చగా ఉంది. కాజాలమ్మ దానికి చెంప ఆనించి, ఆయన పోయిన రోజు కూడా ఏడవనంతగా భోరుమని ఏడ్చింది. డ్రైవరు వెళ్ళి తన కుర్చీలో తలొంచుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి ఆవిడ అరచేతులతో మొహం తుడుచుకుంది.

"సర్వీసు ఎవరిది?" అంది.

"గెలిచినవాళ్ళది" అంది అమ్మాయి.

"అయితే కాచుకో అన్నయ్యా."

ఈసారి నిమరలేదు. బలం కొద్దీ ఒక్క దెబ్బ కొట్టింది. బెలూను తాడు దాటింది.