పదకొండో నంబరు తీగలు

అయిదో గిటారును ఒళ్ళో పడుకోబెట్టుకుని, దాని పాత తీగలు ఒక్కొక్కటే వదులు చేస్తున్నాడు లామార్ టిడ్వెల్. అన్నీ ఒకేసారి విప్పేస్తే మెడ కర్ర వెనక్కి వంగిపోతుందని అతని నమ్మకం. అందుకని ఒక తీగ విప్పి, దాని కిందున్న చెక్కను నిమ్మనూనె గుడ్డతో తుడిచి, కొత్త తీగ ఎక్కించి బిగించాకే రెండోదాని జోలికి వెళ్తాడు. పొద్దున్న ఏడింటికి మొదలుపెడితే పది దాటుతుంది ఆరు గిటార్లూ అయ్యేసరికి. నలభై నాలుగేళ్ళుగా కచేరీ ఉన్న ప్రతిరోజూ ఇదే పని.

అరవై తొమ్మిదేళ్ళ మనిషి. పొడుగు, సన్నం. గిటార్ల మీదికి వంగీ వంగీ వీపు పైభాగం కొడవలిలా తిరిగింది. తీగ కొసలు గుచ్చుకుని గట్టిపడిన కుడి చూపుడువేలికి వేడి కాఫీ కప్పు పట్టుకున్నా ఏమీ తెలీదు. ఎడమచేతి వేలికి మాత్రం మూడు వారాల కిందట కొత్తగా ఒక ఉంగరం వచ్చింది. తీగ చుట్టినప్పుడల్లా అది చెక్కకి తగిలి టిక్కుమంటోంది. గీత పడుతుందేమోనని కంగారుపడాల్సిన మనిషి, టిక్కుమన్న ప్రతిసారీ తలవంచుకుని నవ్వుకుంటున్నాడు.

జార్జియా దక్షిణాన ఒక కౌంటీ తిరనాళ్ళు అవి. అక్టోబరు ఆదివారం. వేరుశనగ పీకిన పొలాల మీదినుంచి మట్టివాసన వస్తోంది. వేదిక వెనక లారీ, లారీ పక్కన పందిపిల్లల పరుగుపందేల దడి. మధ్యాహ్నం మూడింటికి ఫ్లింట్ రివర్ కిన్ కచేరీ.

ఆ బ్యాండుకి యాభై రెండేళ్ళు. మొదటి ఏడుగురిలో ఇప్పుడు వేదికెక్కేది ఇద్దరే. ముందు నిలబడి గిటారు వాయించే రాయ్స్ బ్లాలాక్, వెనక డ్రమ్ముల దగ్గర హాయిట్. మిగతావాళ్ళు కొడుకులు, మేనల్లుళ్ళు, ఒక అల్లుడు. ఒకప్పుడు వీళ్ళ పాట లేకుండా ఏ రేడియో స్టేషనూ గంట గడిపేది కాదు. ఇప్పుడు అప్పటి కుర్రాళ్ళు మనవల్ని భుజాలమీద ఎక్కించుకుని తిరనాళ్ళకి వస్తున్నారు. వాళ్ళలో ఎవరికీ లామార్ పేరు తెలీదు. అయిదో రికార్డు అట్ట వెనక చివరి వరసలో ఒకసారి పడింది, అంతే. దానికతను ఎప్పుడూ బాధపడలేదు. వేదిక ఎడమపక్క తెర చాటున నిలబడి, రాయ్స్ తలతిప్పి చూసిన క్షణంలో శ్రుతిచేసిన గిటారు అందించడం అతని ఉద్యోగం. ఆ చూపు ఒక్కసారి కూడా ఖాళీ చోటుమీద పడలేదు.

ఇవాళ అతనికి ఆఖరి రోజు. నలభై మైళ్ళ అవతల వెర్నెల్ ఉంది. ముప్ఫై ఏళ్ళు బడి బస్సు నడిపి మానేసిన మనిషి. ఎనిమిదేళ్ళుగా ఒంటరిది. ఒక చర్చి భోజనంలో ఇద్దరూ ఒకే గిన్నెలో గరిటె పెట్టారు, అక్కణ్ణించి పెళ్ళిదాకా అయిదు నెలలు పట్టింది. ఇవాళ పికప్ ట్రక్కులో వచ్చి తీసుకెళ్తానంది.

ఈ బ్యాండులో మానేసేవాళ్ళకి వీడ్కోళ్ళుండవు. పూర్వం బేస్ గిటారు వాయించే ఒకాయన మానేస్తుంటే ఘనంగా విందు చేశారు. రాత్రంతా కావలించుకుని ఏడ్చి, మర్నాడు గొంతులు పూడుకుపోయి కచేరీ నాశనం చేశారు. ఇకమీదట వెళ్ళేవాడెవడైనా ఆఖరి పాట నడుస్తుండగా చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోవాలని రాయ్స్ ఆనాడే కట్టడి చేశాడు. కాబట్టి పొద్దుటినుంచీ ఎవరూ ఆ మాటెత్తలేదు. హాయిట్ మాత్రం అటుగా పోతూ, పెళ్ళికొడుకు బుగ్గలకి ఎవరో గులాబిరంగు పూసినట్టున్నారే అనేసి వెళ్ళాడు.

మిగిలింది రాయ్స్ సొంత గిటారు, పొగాకు రంగుది. ఇవాళ దాన్ని మార్వాకి అప్పగించాడు లామార్. రేపటినుంచి అతని చోట నిలబడేది ఆమే. నలభై దాటిన మనిషి, చాటనూగాలో పదిహేనేళ్ళు గిటార్లు బాగుచేసింది. మాట తక్కువ, చేతిపని శుభ్రం. పెట్టెమీద రాసి ఉన్నట్టు కట్టమని చెబుతుండగానే జేబులో ఫోను మోగింది. వెర్నెల్.

పందుల దడి వెనక నిలబడి నలభై నిమిషాలు మాట్లాడాడు. చెప్పుల గూడు ఎక్కడ పెట్టాలన్నది విషయం. తలుపు వెనకైతే తలుపు తీసినప్పుడల్లా కొట్టుకుంటుందని ఆమె, కిటికీ కిందైతే వాన జల్లు పడుతుందని ఇతను. జీవితంలో ఇంతవరకు అతనికి ఉన్నది రెండే జతలు, రెండూ లారీలోనే ఉండేవి. తన చెప్పులకి ఒక గూడు, దానికోసం ఒక వాదన. ఫోను పెట్టేశాక కూడా కాసేపు పందిపిల్లల్ని చూస్తూ ఉండిపోయాడు.

తిరిగొస్తుంటే మెట్లదగ్గర రాయ్స్ స్థానిక రేడియో మనిషితో మాట్లాడుతున్నాడు. డెబ్భై నాలుగేళ్ళ భారీ మనిషి, తెల్లటి గడ్డం, ఎండలో కూడా నల్లకోటు.

"పదకొండో నంబరు తీగలు. కంచెకి కట్టే తీగలనుకో. ఈ కాలం పిల్లలు కుట్టుదారం కట్టుకుని వాయిస్తారు. నేను చచ్చేదాకా పదకొండే."

ఆ మాట విన్నప్పుడల్లా లామార్ నేలకేసి చూస్తాడు. ఇప్పుడూ అంతే చూశాడు. కారణం, ఆ గిటారుకి పదకొండో నంబరు తీగలు కట్టడం మానేసి తొమ్మిదేళ్ళయింది. సవానాలో ఒక చలికాలం రాయ్స్ వేళ్ళ కణుపులు వాచి, ఎవరూ చూడట్లేదనుకుని ఆయన చెయ్యి గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో పెట్టుకుని కూర్చోవడం లామార్ చూశాడు. నంబరు తగ్గితే తీగ సన్నబడి వేలికి సులువవుతుంది. మర్నాడు అర నంబరు సన్నవి కట్టాడు. ఏడాది పోయాక ఇంకో అర. అలా మెట్టుమెట్టుగా తొమ్మిదికి దించాడు. సన్నతీగకి మోత పలచబడుతుంది కనక, ప్రతిసారీ మోత పెంచే యాంప్ పెట్టె మీద మంద్రం మరను వెంట్రుకవాసి తిప్పేవాడు. సన్న తీగలన్నీ ఒక పొగాకు డబ్బాలో దాచేవాడు. గిటారు పెట్టెమీది తెల్ల పట్టీ మాత్రం మొదటి రికార్డునాటిది. దానిమీద పదకొండు అని ఉంది. దాన్ని ముట్టుకోలేదు.

పెట్టెమీద రాసి ఉన్నట్టు కట్టమన్నాడు తను.

అది గుర్తొచ్చి లామార్ కాళ్ళు ఆగిపోయాయి. బల్లమీద చించిన పొట్లం ఉంది, పదకొండో నంబరుది. పొగాకు డబ్బా మూత తీసిన జాడ లేదు. గిటారు స్టాండులో లేదు. అతను మెట్లెక్కేలోగానే వేదికమీద సౌండ్ చెక్ మొదలైంది.

వాళ్ళ ఆఖరి పాటలో, పదకొండు నిమిషాల పాటది, ఒకచోట మిగతావాళ్ళంతా ఆగిపోతారు. రాయ్స్ ఒక్కడే మూడో తీగను వేలితో పైకి నెట్టి, స్వరాన్ని అంచుదాకా సాగదీసి అక్కడే నిలబెడతాడు. జనం వచ్చేది దానికోసం. రాయ్స్ నెట్టాడు. స్వరం సగం దూరం ఎక్కి జారిపోయింది. మళ్ళీ నెట్టాడు. మళ్ళీ జారింది. మూడోసారి పళ్ళు బిగించి రెండు వేళ్ళతో నెడితే పిల్లి అరిచినట్టయింది.

రాయ్స్ తన ఎడమచేతిని తిప్పి, అది వేరెవరిదో అయినట్టు చూసుకున్నాడు. గిటారు మెడలోంచి తీసి మార్వాకి మర్యాదగా అందించి, తెర చాటుకొచ్చి ఒక పెట్టెమీద కూలబడ్డాడు.

"చెయ్యి పోయిందిరా," అన్నాడు. "మధ్యాహ్నం మా మేనల్లుడు కానిచ్చేస్తాడు. మిగతా ఊళ్ళవాళ్ళకి రేపు ఫోన్లు చేయిస్తాను. నువ్వెళ్ళే రోజే నేనూనూ. బాగానే కుదిరింది."

లామార్ దగ్గర ఒక సులువైన అబద్ధం సిద్ధంగా ఉంది. ఈ తీగల పొట్లమే మంచిది కాదని, డబ్బాలోవి గబగబా కట్టి ఇస్తే చాలు. మధ్యాహ్నానికి స్వరం అంచు చేరుతుంది, పెద్దాయన గడ్డం నిమురుకుంటాడు, తను పికప్ ఎక్కుతాడు. కానీ రేపు? మార్వా కూడా డబ్బా దాచుకుని, నేలచూపులు చూస్తూ, ఏదో ఒకరోజు దొరికిపోవాలి. గిటారు గుండెలకి ఆనించుకుని నిలబడి ఉంది ఆమె. తప్పెక్కడ చేసిందో తెలీక ముఖం పాలిపోయింది.

"చెయ్యి కాదు," అన్నాడు లామార్. "తీగలు."

"తీగలకేం? ఎప్పుడూ ఉండేవేగా."

"ఎప్పుడూ ఉండేవి తొమ్మిదో నంబరు."

రాయ్స్ తలెత్తాడు. లామార్ దాచకుండా చెప్పాడు. సవానా, గోరువెచ్చటి నీళ్ళ గిన్నె, అర నంబరు చొప్పున దించడం, యాంప్ మర. చెబుతున్నంతసేపూ చేతిగుడ్డతో తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

"మాకన్‌లో జనం కూర్చోకుండా నిలబడే ఉన్నారే, ఆ రోజు?"

"తొమ్మిదే."

"పొద్దున ఆ రేడియోవాడితో నేనన్నది విన్నావా?"

"విన్నాను."

"తొమ్మిదేళ్ళుగా వింటున్నావు. నవ్వుకునేవాడివా?"

"ఒక్కసారి కూడా లేదు," అన్నాడు లామార్. తరవాత, నిజమంతా చెప్పేస్తున్నాడు కనక, "హాయిట్ నవ్వేవాడు," అన్నాడు.

"ఇందులోకి నన్ను లాగకండి," అన్నాడు హాయిట్ డ్రమ్ముల వెనకనుంచి.

రాయ్స్ లేచి, ఎవరి ముఖమూ చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మార్వా క్షమించమంది. పట్టీ మార్చకపోవడం తన తప్పని, నువ్వు కట్టిన కట్టులో వంక లేదని లామార్ చెప్పాడు. ఇప్పుడు ఏవి కట్టమంటారని అడిగింది. ఆయన వచ్చి చెప్పేదాకా ఏవీ వద్దన్నాడు. ఆ మాట అనడానికి అతనికి చాలా కష్టమైంది. నలభై నాలుగేళ్ళలో తీగలు లేకుండా ఆ గిటారును వదిలిన రోజు లేదు. విప్పేసి, చెక్క తుడిచి, బోసిగా స్టాండులో పెట్టారు. పన్నెండైంది. ఒంటిగంటైంది. అవతల పందిపిల్లలు రెండు పందేలు పరిగెత్తాయి. రాయ్స్ అటునుంచి అటే వెళ్ళిపోయుంటాడేమో, తను ఒక అబద్ధం తక్కువ చెప్పి ఒక బ్యాండును ఆపేశాడేమో అనిపించింది లామార్‌కి.

ఒంటిగంటన్నరకి వచ్చాడు రాయ్స్. చేతిలో ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం. వాచిన వేళ్ళతో ఒక్కొక్క కాయా నొక్కి, రసం పీల్చి, గింజలు నములుతూ గిటారు ముందు నిలబడ్డాడు. పొట్లం సగమయ్యాక అడిగాడు.

"అమ్మాయ్, ఎనిమిదో నంబరని కూడా ఒకటుంటుందా?"

"ఉంటుంది, రాయ్స్ గారూ. మోత బాగా పలచబడుతుంది."

"అయితే ఇవాళ్టికి తొమ్మిదే కట్టు. మర ఎంత తిప్పాలో ఈ దొంగ పెళ్ళికొడుకు చూపిస్తాడు, నా ఎదటే చూపించమను. ఎనిమిదికి దిగాల్సినరోజు వస్తే నాతో చెప్పి మరీ దించు. చెప్పకుండా మాత్రం దించకు."

పెట్టెమీది పట్టీ అంచును గోటితో లేపి, సర్రున పీకేశాడు. తరవాత లామార్ వైపు తిరిగాడు.

"నీతో తరవాత మాట్లాడతాను."

"తరవాత నేనుండనుగా."

"అదొకటి ఉంది కదూ," అన్నాడు రాయ్స్, వేరుశనక్కాయల పొట్లం అతనికేసి చాపి. లామార్ ఒకటి తీసుకున్నాడు. రాయ్స్ పొట్లం వెనక్కి తీసుకోలేదు. ఇంకొకటి తీసుకునేదాకా అలాగే పట్టుకున్నాడు.

రెండున్నరకి వెర్నెల్ వచ్చింది. గుండ్రటి మనిషి, పసుపుపచ్చ గౌను, చర్చికి పెట్టుకున్న టోపీ తియ్యకుండానే వచ్చేసింది. వస్తూనే చెప్పుల గూడు కిటికీ కిందే పెట్టాననీ, వాన వస్తే తడిసేది నీ చెప్పులేననీ చెప్పింది. దొడ్లో ఈ ఏటికి ఆఖరి టమాటాలట, మూడు శాండ్‌విచ్‌లు చేసి మైనపు కాగితంలో చుట్టి తెచ్చింది. ఇద్దరూ లారీ నీడలో నిలబడే తిన్నారు. రసం లామార్ చొక్కామీద కారింది. ఆమె తన చేతిరుమాలుతో తుడవబోయి ఇంకాస్త పులిమింది. మూడోది మీ రాయ్స్‌కి అంది. ఆయన్ని ఇంతవరకు చూడలేదు, కానీ నీ ఫోను కబుర్లలో సగం ఆయనే కదా అంది.

కచేరీ మొదలైంది. లామార్ తెర చాటున తన చోట మార్వాను నిలబెట్టి, తను రెండడుగులు వెనక్కి జరిగాడు. ఏ గిటారు ఎప్పుడు అన్నది ఆమెకి ఒక్కసారీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆఖరి పాట ఎత్తుకున్నాక ఇంకో రెండడుగులు జరిగాడు. తరవాత మెట్లు దిగాడు. కింద వెర్నెల్ నిలబడి ఉంది. చెయ్యి చాపింది.

పైన అందరూ ఆగిపోయారు. ఆ నిశ్శబ్దంలో రాయ్స్ అలవాటుగా ఎడమపక్కకి తలతిప్పి ఉంటాడు. అక్కడ మార్వా ఉంది. ఒక్క క్షణం. ఆపైన మూడో తీగ పలికింది, పైకి, ఇంకా పైకి, అంచుదాకా వెళ్ళి అక్కడ నిలబడింది. మెట్ల పక్కనున్న చెక్క కమ్మీని పట్టుకున్న లామార్ అరచేతిలోకి ఆ స్వరం సన్నటి వణుకై దిగింది. జనం లేచిన చప్పుడైంది. ఎవరో పసివాడు ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు.

"ఇది తొమ్మిదో నంబరా?" అంది వెర్నెల్.

"ఊఁ," అన్నాడు లామార్.

ఇద్దరూ పందుల దడి పక్కనుంచి నడుచుకుంటూ పికప్ వైపు వెళ్ళారు. పాట ఇంకా నాలుగు నిమిషాలుంది.

వేదికమీద, ఇన్నేళ్ళూ లామార్ ఒక్క మంచినీళ్ళ గ్లాసు కూడా పెట్టనివ్వని యాంప్ మీద, అతనే పెట్టి వెళ్ళిన మైనపు కాగితపు పొట్లం ఒకటి ఉంది. దానిమీద పెన్సిలుతో వెర్నెల్ గుండ్రటి రాతలో రాయ్స్ పేరు. ఒక మూల టమాటా తడి నెమ్మదిగా కాగితంలోకి పాకుతోంది. హాయిట్ డ్రమ్ము మీద దెబ్బ వేసినప్పుడల్లా అది కొంచెం కొంచెంగా అంచుకేసి జరుగుతోంది. మార్వా తెర చాటునుంచి చెయ్యి చాపి, ఒక వేలితో దాన్ని మళ్ళీ మధ్యకి జరిపింది.